ఇంటికి పిట్టగోడ, కరెంటుకు ఎర్తు

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, కట్టక అక్కడినుండి ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటి మీదికే వస్తుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం బోధిస్తుంది. పండుగలను, బలులను గురించి చెప్పిన ధర్మశాస్త్రమే ఇల్లు ఎలా కట్టాలో కూడా చెప్పింది. ప్రమాదం జరిగాక పరామర్శకు వెళ్ళమనలేదు, జరగకముందే గోడ కట్టమంది. ఆనాడు ఇంట్లో ప్రాణం తీసేది మిద్దె అంచు. ఈనాడు గోడలోపల కనబడకుండా పోయే వైరు.

దక్షిణ పినాకిని మీద కట్టిన కెలవరపల్లి ఆనకట్ట చుట్టుపక్కల ఊళ్ళు మన కళ్ళముందే మారిపోయాయి. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి కంపెనీలు వచ్చాక హోసూరు పెరిగింది, 2019లో నగరపాలక సంస్థ అయింది. రాగి చేలు లేఅవుట్లయ్యాయి. లేఅవుట్లలో షెడ్లు, షెడ్ల పక్కన రేకుల కప్పుతో లైను ఇళ్ళు లేచాయి. వాటిలో ఉండేది మన తెలుగువాళ్ళు, కన్నడిగులు, తమిళులు, ఒడిశా, బీహారు, అస్సాం నుండి వచ్చిన కూలీలు. ఆనకట్ట నీటిలో తేలే నురగ అందరికీ కనబడుతుంది, పేపర్లో ఫోటో పడుతుంది, అధికారులు వచ్చి చూసి పోతారు. లైను ఇళ్ళ గోడల్లో ఉన్న ప్రమాదానికి ఫోటో ఉండదు.

అది ఎలా తయారవుతుందో చూద్దాం. వైరింగ్ పని పాయింటుకు ఇంత అని మాట్లాడుకుంటారు. ఖర్చు తగ్గించమని యజమాని, గిట్టుబాటు కావాలని పనివాడు. ముందు పోయేది ఎర్తు వైరు, ఎందుకంటే అది లేకపోయినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. మూడు రంధ్రాల సాకెట్ బిగించి పైరంధ్రాన్ని ఉత్తదిగా వదిలేస్తారు. లైట్లకోసం వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీదే తరువాత ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్, నీళ్ళు కాచే రాడ్ చేరతాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే దాంట్లో లావు తీగ చుడతారు. తడి గోడ, రేకు, ఇనుప తలుపు, బట్టలారేసే కంబి, వీటిలో ఏది ఎప్పుడు కరెంటు అందుకుంటుందో ఎవరికీ తెలియదు.

“మా ఇంట్లో ఎంసీబీ ఉంది కదా” అనేవారు చాలామంది ఉన్నారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పోయినప్పుడు, లేదా షార్ట్ అయినప్పుడు మాత్రమే అది పడిపోతుంది. లెక్క చూడండి. 230 వోల్టుల మీద పది వాట్ల చిన్న బల్బు తీసుకునేది సుమారు 43 మిల్లీయాంపులు. అంత కరెంటు మనిషి గుండె గుండా పోతే చాలు, ప్రాణానికే ముప్పు. 16 యాంపుల ఎంసీబీకి కదలిక రావాలంటే 16,000 మిల్లీయాంపులు దాటాలి. మనిషి చనిపోతున్నా దానికి తెలియదు. ఆ లీకేజీని పసిగట్టి రెప్పపాటులో కరెంటు ఆపేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. ఒక చిన్న ఇంటికి దాని ఖర్చు దాదాపు రెండు వేల రూపాయలు.

చట్టం ఈ విషయంలో నోరు మూసుకొని కూర్చోలేదు. వైరింగ్ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలని, అర్హతాపత్రం ఉన్నవారి పర్యవేక్షణ ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం చెప్పింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, మళ్ళీ 2023లోను తెచ్చిన భద్రతా నిబంధనలు దాన్నే కొనసాగించాయి. వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అనే ప్రమాణాలున్నాయి. అయితే లీకేజీ రక్షణ పరికరం గురించిన పాత 61ఏ నియమాన్ని గమనించండి. అది 5 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లను మినహాయించింది. తరువాత వచ్చిన నిబంధనలు ఆ హద్దును కిందికి దించాయి గానీ, ఆ ఆలోచన వదిలిన ఆనవాలు ఇంకా మన ఇళ్ళల్లో ఉంది. పెద్ద ఇంటికి రక్షణ, ఒకే గదిలో ఐదుగురు పడుకునే ఇంటికి మినహాయింపు! లోడు తక్కువైనంత మాత్రాన షాకు తక్కువ కొడుతుందా? తమిళనాడు ప్రభుత్వం 2016 నుండి ఇళ్ళకు రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితంగా ఇస్తోంది. మంచిదే. ఆ కరెంటుతోబాటు దాని నుండి కాపాడే పరికరాన్ని కూడా పేదల ఇళ్ళకు ఇవ్వమని అడగడం అత్యాశ కాదు.

దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో కరెంటు షాకుతో ఏటా 12 వేలకు పైగా మంది చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అన్నిటికీ మనం వాడే మాట ఒక్కటే: “ఖర్మ”. కొందరం దాన్ని “దేవుని చిత్తం” అంటాం. ఎర్తు వేయకపోవడం దేవుని చిత్తం కాదు. అది ఎవరో మిగుల్చుకున్న డబ్బు.

ఇందులో పనివాడిని దొంగగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. పదిహేడేళ్ళకే స్క్రూడ్రైవర్ పట్టుకొని హెల్పరుగా చేరిన కుర్రవాడు గోడకు గాడి కొడతాడు, పైపు పరుస్తాడు, నిచ్చెనెక్కి లైనులో చెయ్యి పెడతాడు. పని అతనిది, కాగితం మీద సంతకం మరొకరిది, లాభం ఇంకొకరిది. ప్రమాదం జరిగితే మాత్రం తప్పు అతనిదే అవుతుంది. తమిళనాడులో వైర్‌మ్యాన్, వైర్‌మ్యాన్ హెల్పర్ అర్హతాపత్రాలు ఇచ్చే లైసెన్సింగ్ బోర్డు ఉంది. 1994లో ఏర్పడిన కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డులో ఎలక్ట్రీషియన్లు సభ్యులుగా చేరవచ్చు. ఈ రెండింటి సంగతి ఆ కుర్రవాడికి చెప్పేవారు కావాలి.

మన సంఘాలు కూడా అద్దంలో చూసుకోవాలి. 2025 మార్చి 1న కన్యాకుమారి జిల్లా ఇనయం పుత్తన్‌తురైలో చర్చి పండుగ ఏర్పాట్లలో ఇనుప నిచ్చెన పైన పోయే కరెంటు లైనుకు తగిలి నలుగురు చనిపోయారు. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కళిమేడు రథోత్సవంలో 11 మంది ఇలాగే పోయారు. కరెంటు గుడి, చర్చి అని చూడదు. క్రిస్మసుకు మనం వేలాడదీసే నక్షత్రాలు, టేపు చుట్టిన సీరియల్ సెట్లు, షామియానా ఇనుప గుంజకు కట్టిన వైర్లు ఎవరు తనిఖీ చేస్తున్నారు? మన హాస్టళ్ళలో పిల్లలు స్నానం చేసే చోట గీజరుకు ఎర్తు ఉందా?

కాబట్టి మా విజ్ఞప్తి ఇది. మొదట మన చర్చిలు, బడులు, హాస్టళ్ళ వైరింగ్‌ను అర్హతగల వైర్‌మ్యాన్ చేత పరీక్ష చేయించి, ఎర్తు, ఆర్‌సీసీబీ పెట్టించుదాం. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కి అది పడుతోందో లేదో చూద్దాం. ఇళ్ళు బాడుగకిచ్చే విశ్వాసులు అడ్వాన్సు తీసుకునేముందు ఈ పని పూర్తిచేయాలి. సంఘంలోని హెల్పర్ కుర్రవాళ్ళకు పరీక్ష ఫీజు, పుస్తకాలు, రబ్బరు చేతొడుగులు సమకూర్చుదాం. హోసూరు నగరపాలక సంస్థను, విద్యుత్ పంపిణీ సంస్థను అడగవలసింది కూడా ఉంది: లైను ఇళ్ళను ఇల్లిల్లూ తనిఖీ చేయండి, భద్రతా సూచనలు తమిళంతోబాటు తెలుగు, కన్నడ, హిందీ, ఒడియాల్లో అంటించండి, చిన్న కనెక్షన్లకు ఆర్‌సీసీబీలు ఉచితంగా ఇవ్వండి.

చనిపోయినవారి ఇంటికి వెళ్ళి ప్రార్థన చేయడం మనకు బాగా తెలుసు. పిట్టగోడ ఆజ్ఞ అంతకంటే ముందుగా మేలుకొమ్మంటుంది. ఈ వారమే మీ ఇంటి మెయిన్ బోర్డు తలుపు తీసి చూడండి. ఆ తరువాత మీరు బాడుగకిచ్చిన ఇంటిది కూడా.