అరువు కార్డుతో చదివినోడు సొంత మాట ఎట్లా రాశాడు

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ తరఫున మాట్లాడే అవకాశం నాకొచ్చింది. సంబరపడ్డా. రెండు రోజుల ముందు సారు ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. ప్రసంగం మొత్తం అందులోనే ఉంది. అధికారులకు ధన్యవాదాలు, పథకాల పేర్లు, ఒకప్పుడు మేం ఎంత వెనుకబడి ఉండేవాళ్లమో, ఇప్పుడు ఎంత బాగున్నామో. బట్టీ పట్టి తప్పు లేకుండా చెప్పా. చప్పట్లు కొట్టారు. అదే వానాకాలం వాగు పొంగి, మా అత్త పురిటి నొప్పులతో రెండు రోజులు ఊళ్లోనే ఉండిపోయింది. ఆ సంగతి కాగితంలో లేదు. నేనూ చెప్పలేదు.

డిగ్రీ రెండో ఏడులో రిచర్డ్ రైట్ ఆత్మకథ ‘బ్లాక్ బాయ్’ నా చేతికొచ్చింది. ఇంగ్లీషు కష్టమే. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివా. అందులోనూ ఇట్లాంటి కాగితం ఒకటి ఉంది. ఆ కుర్రాడు మాత్రం దాన్ని చదవనన్నాడు.

రైట్ 1908లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టాడు. తాత, అమ్మమ్మ బానిసత్వంలో పుట్టినోళ్లు. నాన్న వేరేవాళ్ల భూమిలో పాలుకు చేసే రైతు, ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అమ్మ టీచరు, తర్వాత పక్షవాతంతో మంచాన పడింది. ఆకలి ఆ ఇంట్లో మనిషిలాగా పక్కనే కూర్చుని ఉండేది.

అమ్మమ్మ ఇంట్లో అద్దెకుండే ఒక టీచరమ్మ, పిల్లాడు బతిమాలితే, ‘బ్లూబియర్డ్’ కథ చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ మహా భక్తురాలు. మధ్యలో వచ్చి, ఇది సైతాను పని అని కథ ఆపేసింది. కథ చివరికి ఏమైందో పిల్లాడికి తెలియలేదు. కానీ అప్పటిదాకా తెలియని ఒక లోకం ఉందని మాత్రం తెలిసిపోయింది. పదిహేను, పదహారేళ్లకు తనే ఒక కథ రాశాడు. జాక్సన్‌లో నల్లజాతి వాళ్లు నడిపే వారపత్రిక దాన్ని అచ్చేసింది. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. కల్పించి రాసింది అబద్ధం, అబద్ధం పాపం అన్నది అమ్మమ్మ.

1925లో తొమ్మిదో తరగతి క్లాస్ ఫస్ట్‌గా పాసయ్యాడు. వీడ్కోలు సభలో ప్రసంగం అతనిదే. ప్రిన్సిపాల్ కూడా నల్లజాతి మనిషే. ముందే రాసిన ప్రసంగం ఇచ్చి ఇది చదువు అన్నాడు. తెల్లవాళ్లు కూడా వస్తారు, వాళ్ల ముందు నీకేం మాట్లాడాలో తెలుస్తదా అన్నాడు. టీచరు ఉద్యోగం ఇప్పిద్దామనుకున్నా, ఇక కుదరదేమో అన్నట్టు కూడా మాట్లాడాడు. దోస్తులు, మేనమామ అంతా చదివేయమన్నారు. రైట్ తను రాసుకున్నదే చదివి, స్టేజీ దిగి ఇంటికి పోయాడు.

ఈ చోట పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నా.

తర్వాత పని కోసం మెంఫిస్ పోయాడు. కళ్లద్దాల కంపెనీలో సామాన్లు మోసే పని. ఒకరోజు పేపర్లో హెచ్.ఎల్. మెంకెన్ అనే తెల్ల రచయితను తిడుతూ సంపాదకీయం వచ్చింది. నల్లవాళ్లను తిట్టే పేపరు ఒక తెల్లవాణ్ని ఎందుకు తిడుతోంది? ఆ మనిషి ఏం రాశాడో చదవాలనిపించింది. కానీ ఆ ఊరి లైబ్రరీలో నల్లవాళ్లకు పుస్తకాలివ్వరు. తెల్లవాళ్ల కోసం మోసుకుపోవచ్చు, అంతే.

కలిసి పనిచేసే ఒక ఐరిష్ కాథలిక్ తన కార్డు అరువిచ్చాడు. అతని పేరుతో రైట్ చీటీ రాశాడు, ఈ కుర్రాడికి మెంకెన్ పుస్తకాలు ఇవ్వండి అని. లైబ్రరీ ఆమెకు అనుమానం రాకూడదని, తెల్లవాళ్లు నల్లవాళ్లను పిలిచే తిట్టు మాటతో తన్ను తానే పిలుచుకుని రాశాడు. అయినా ఆమె అనుమానంగా అడిగింది. నాకు చదువు రాదండి అన్నాడు. పుస్తకాలిచ్చింది.

చదువుకోవడం కోసం చదువు రానోడిలా నటించాల్సి వచ్చింది. ఆలోచించండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

ఆ పుస్తకాలను న్యూస్‌పేపర్లో చుట్టి దాచుకుని తిరిగాడు. రాత్రి గదిలో వేడినీళ్ల కింద తిండి డబ్బా వెచ్చబెట్టుకుంటూ చదివాడు. మాటలను ఆయుధంలా వాడొచ్చని మెంకెన్ దగ్గర తెలిసింది. సింక్లెయిర్ లూయిస్ నవల చదివాక తన తెల్ల యజమాని ఎట్లాంటి మనిషో అర్థమైంది. డ్రైజర్ నవలలు చదివితే అమ్మ పడ్డ బాధ కళ్ల ముందుకొచ్చింది. ఎక్కడివో పుస్తకాలు, ఎవరివో కథలు. అతనికి కనిపించింది మాత్రం సొంత ఇల్లే.

1927లో షికాగో పోయాడు. పోస్టాఫీసులో పనిచేశాడు, చిల్లర పనులెన్నో చేశాడు, రాస్తూనే ఉన్నాడు. 1938లో ‘అంకుల్ టామ్స్ చిల్డ్రన్’ కథలొచ్చాయి. బాగా మెచ్చుకున్నారు. రైట్‌కు మాత్రం తృప్తి లేదు. డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలు చదివి, ఏడ్చి, మనసు తేలిక చేసుకునే పుస్తకం రాశానే అనుకున్నాడు. ఈసారి ఏడ్చి తప్పించుకోలేని పుస్తకం రాస్తా అని 1940లో ‘నేటివ్ సన్’ రాశాడు. మూడు వారాల్లో 2 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది.

పేరొచ్చింది గదా, ఇక అంతా ఆయన ఇష్టమే అనుకుంటాం. 1945లో ‘బ్లాక్ బాయ్’ వచ్చేటప్పుడు, లక్షల మందికి పుస్తకాలు చేర్చే బుక్ క్లబ్ ఒక షరతు పెట్టింది. దక్షిణాది బాల్యం వరకే ఉంచాలి, షికాగో భాగం తీసేయాలి. ఉత్తరాదికి పోయినా నల్లవాడి ఆకలి తీరలేదని చెప్పే భాగం అది. రైట్ ఒప్పుకున్నాడు. ఆ సగం 1977లో వేరే పుస్తకంగా వచ్చింది. రెండూ కలిపి 1991లో గానీ రాలేదు. అప్పటికి ఆయన పోయి 31 ఏళ్లు.

పదహారేళ్లప్పుడు ఒప్పుకోనోడు పెద్దయ్యాక ఎందుకు ఒప్పుకున్నాడు? తప్పుపట్టడానికి అడగట్లేదు. పేరు వచ్చాక కూడా కాగితం రాసిచ్చేవాళ్లు వస్తారు, ఈసారి మర్యాదగా వస్తారు. అది తెలిసి ఉండాలి మనకు.

ఇంకో సంగతి. రైట్ సాయం చేసి నిలబెట్టిన జేమ్స్ బాల్డ్విన్ తర్వాత ‘నేటివ్ సన్’నే గట్టిగా విమర్శించాడు, నల్ల మనిషిలోని మనిషిని అది చిన్నది చేసిందని. రైట్‌కు బాధ కలిగింది. కానీ నల్ల రచయిత రాసిందాని మీద ఇంకో నల్ల రచయిత వాదన పెట్టుకోగలిగాడు. ఒక్క గొంతే ఉంటే అది కుదరదు.

1947 నుంచి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాడు. చివరి రోజుల్లో జబ్బుతో ఉండి, జపాన్ వాళ్ల హైకూ పద్ధతిలో మూడేసి లైన్ల కవితలు 4,000 దాకా రాశాడు. వాన మీద, మంచు మీద, పిట్టల మీద. 1960లో 52 ఏళ్లకే పోయాడు. వాటిలోంచి తను ఎంచిపెట్టుకున్న 817 కవితలు 1998లో అచ్చయ్యాయి. నాకు ఇవి ఎందుకో బాగా నచ్చాయి. నల్లవాడు ఎప్పుడూ కోపం గురించే రాయాలి అనేది కూడా ఎవరో రాసిచ్చిన కాగితమే గదా.

మనోళ్లలో కొందరన్నలు అంటుంటారు, కథలూ కవితలూ కడుపు నింపవు, గ్రూప్స్‌కు చదువు తమ్మీ అని. అన్నల మాట తప్పు కాదు, ఉద్యోగం కావాల్సిందే. రైట్ కూడా పోస్టాఫీసు పని చేసుకుంటూనే రాశాడు. నేను అడిగేది ఒక్కటే. చదివిన చదువుతో చివరికి ఎవరి మాట పలుకుతున్నాం?

ఈ ఆగస్టు 9కి మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి చెల్లి మాట్లాడుతుంది. నన్ను స్పీచ్ రాసివ్వమంది. రాసివ్వలేదు. ఒక తెల్ల నోటుబుక్కు ఇచ్చి, మీ ఇంట్లో ఈ ఏడు ఏం జరిగిందో రాయి, తప్పులుంటే ఉండనీ అన్నా. నాలుగు పేజీలు రాసుకొచ్చింది. స్పెల్లింగులు దిద్దా. మాట మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోలేదు.