చెప్పులు కుట్టినోళ్ల కాళ్లకే కాటు

పాముకు కులం లేదని చెప్పేవాళ్లు మనకు చాలామంది ఉన్నరు. పాము పటేలును కరుస్తది, పాలేరును కరుస్తది, దానికి తేడా తెల్వదు అంటరు. నిజమే, పాముకు తెల్వదు. కాని పాము తిరిగే చోట ఎవరి గుడిసె ఉండాలె, పాము తిరిగే యాళ్ల ఎవరు చేన్ల ఉండాలె, ఎవరి కాళ్లకు చెప్పులుండొద్దు అని తేల్చింది కులం. ఆ సంగతి దాచిపెట్టి, మనిషి సచ్చినంక "మూఢనమ్మకంతోని సచ్చిండు, మంత్రగాని దగ్గరికి పోయి సచ్చిండు" అని మాకు నీతులు చెప్పే పెద్దమనుషులతోనే నా పంచాయితీ.

మా పల్లె హయత్‌నగర్ పక్కన. కుతుబ్‌షాహీల ఇంటి ఆడబిడ్డ హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు అది. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది గాని, నా చిన్నతనంల చుట్టూ ఎర్రచెల్కలు, బండలు, తుమ్మచెట్లు. చెరువు కింది తరి పొలాలు పటేండ్లవి. నడి ఊరు వాళ్లది. మా మాదిగవాడ ఊరవతల, బండల పక్కన. బండల సందుల తేలు, పుట్టల నాగుపాము, గడ్డివాముల ఎలుక, ఎలుక ఎనుక పాము. ఈ జాగ మేం కోరుకున్నది కాదు. నాగులపంచమి నాడు ఊరోళ్లు పాలు పోయటానికి మా దిక్కే వచ్చేటోళ్లు, పుట్టలు మా దిక్కే ఉన్నయి గనుక. పుట్టకు మొక్కి పోయిండ్రు గాని, పుట్ట పక్క గుడిసెల పిల్లలు ఎట్ల పండుకుంటున్నరని అడిగినోడు లేడు.

పాముకాటు ఎక్కువగా పడేది పాదానికి, పిక్కకు. ఈ ఒక్క ముక్క పట్టుకొని ఆలోచించండి. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టిండు. కుట్టిన చెప్పులు పటేండ్ల కాళ్లకు తొడిగి, ఊళ్లెకు పోయేటప్పుడు తన చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. ఆ భయం కాళ్లల్ల దిగి మా నాయిన దాక వచ్చింది. నాయిన జీతమున్న కాలంల బోర్లకు కరెంటు రాత్రిపూట వంతులవారీగా ఇచ్చేటోళ్లు. తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న గాని మొదలుకాలేదు. అర్ధరాత్రి కరెంటు వస్తే పటేలు మంచం దిగడు, మా నాయిన బోరు కాడికి పోతడు. చేతిల కందిలి, కట్టె. కాళ్లు ఉత్తయే. రక్తపింజర గట్టు మీద గడ్డిల చుట్టుకొని పంటది, తొక్కితేనే కరుస్తది. పంట ఎవరిది, తొక్కే కాలు ఎవరిది?

చేన్ల రక్తపింజర, ఇంట్ల కట్లపాము. కట్లపాము రాత్రిపూట తిరుగుతది, నేల మీద పండుకున్నోళ్లను నిద్రల కరుస్తది. వాపు ఉండదు, కాటు గుర్తు కూడా సరిగ కనపడదు. కొన్ని గంటలకు కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవుడు, ఊపిరి ఆడకపోవుడు. మంచం మీద దోమతెర కట్టుకొని పండుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చని డాక్టర్లు చెప్తరు. మంచమట! దొర పోతుంటే మంచం దిగి నిలబడనందుకు దెబ్బలు తిన్న తాతలు మాకున్నరు.

ఆడోళ్ల సంగతి ఇంకో రకం. మా అవ్వకు పురుగు ముట్టింది పొద్దు పొడవకముందే, బయటికి పోయినప్పుడు. వాడల లైటు లేదు, ఇంటికి మరుగుదొడ్డి లేదు. ముందు మంత్రగాని దగ్గరికే తీసుకపోయిండ్రు. ఎందుకు? మంత్రగాడు ఉన్నడు గనుక. తర్వాత దవాఖానకు తీసుకపోతే మందు లేదు, పట్నం పొమ్మన్నరు. అవ్వ బతికింది. మడిమ కుళ్లి రెండేండ్లు కూలికి పోలేదు. ఆమె బదులు మా అక్క బడి మానేసి కూలికి పోయింది. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను, ఆ డిగ్రీల సగం అక్కది.

మంత్రంతోని విషం దిగదు. నేను బడిల పిల్లలకు చెప్తనే ఉన్న: గట్టిగ కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితోని పీల్చొద్దు, కాలు కదిలించకుండ వెంటనే దవాఖానకు పోవాలె. కరిచింది విషం లేని పాము అయితే మనిషి ఎట్లయినా బతుకుతడు, పేరు మంత్రగానికి వస్తది. ఇవన్నీ చెప్పొచ్చు. కాని పోయిన దవాఖానల మందు, మందు ఎక్కించే డాక్టరు ఉండాలె గద. మూఢనమ్మకం ఒక్క మాదిగవాడలనే ఉన్నదా? మందు లేని దవాఖానను నమ్ముకొని పొమ్మనుడు మాత్రం ఏం నమ్మకం?

మందు లేని రోగమా అంటే కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ కలిపి ఒకటే మందు. గుర్రాల రక్తం నుంచి తీస్తరు. దానికి కావలసిన విషాన్ని 1978ల పెట్టుకున్న తమిళనాడు ఇరుళ సహకార సంఘం ఏండ్లకేండ్లు అందిస్తున్నది. కోరలు పట్టి విషం తీసేది ఆదివాసులు, ఆ మందు అందక సచ్చేది మనోళ్లు. చెప్పుల కథే ఇక్కడ కూడా. ఎర్రతేలు కుడితే చిన్నపిల్లల ప్రాణాలు పోతయి. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ల హిమ్మత్‌రావ్ బవాస్కర్ అనే డాక్టరు, ప్రజోసిన్ అనే బీపీ గోలీతోని ఆ పిల్లలను బతికించవచ్చని 1980లలోనే చూపించిండు. 2022ల ఆయనకు పద్మశ్రీ ఇచ్చిండ్రు. మంచిదే. ఆ అగ్గువ గోలీ ప్రతి పల్లె దవాఖానల ఉన్నదా అన్నది నా ప్రశ్న.

2020ల వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 దాక దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షలమంది, అంటే ఏటా 58 వేలమంది చనిపోయారు. ఎక్కువ చావులున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దవాఖాన దాక రాని చావు సర్కారు లెక్కలకు ఎక్కదు. ఇన్నేండ్లూ సర్కారు తేలు కుట్టిన దొంగ లెక్క సప్పుడు చేయలేదు. 2030 నాటికి చావులు సగం చేస్తామని కేంద్రం కార్యాచరణ ప్రకటించింది 2024 మార్చిలో. ప్రతి కాటునూ నమోదు చేయమని రాష్ట్రాలకు రాసింది అదే ఏడు నవంబరులో.

సచ్చినంక కూడా కులం వదలదు. 2018 ఆగస్టులో తెలంగాణల రైతుబీమా పెట్టిండ్రు. రైతు ఎట్ల సచ్చినా ఇంటికి 5 లక్షలు. అయితే పట్టాదారు పాసుబుక్కు ఉండాలె. అదే చేన్ల అదే పాము కూలిని కరిస్తే? కౌలుదారును కరిస్తే? ఆ పథకంల వాళ్లకు చోటు పెట్టలేదు.

ఇప్పుడు హయత్‌నగర్ చుట్టు బండలు పగిలినయి, ప్లాట్లయినయి. కాలనీల పాము వస్తే ఫోను చేస్తే పట్టుకపోయేటోళ్లున్నరు. వాళ్లు మంచిపనే చేస్తున్నరు. కాని ఆ ఇండ్లు కట్టే కూలోళ్లు ఇటుకల కుప్ప పక్కన, రేకుల షెడ్డుల, నేల మీదనే పండుకుంటరు. పక్కనే వనస్థలిపురంల 1975ల కృష్ణజింకల కోసం వనం కట్టి కాపాడిండ్రు. జింకల మీద నాకు కోపం లేదు. మనిషికి ఒక మంచం, ఒక దోమతెర అడుగుతున్న.

విద్యార్థులారా, కార్యకర్తలారా, ఇది దయతోని తీరే పని కాదు, కొట్లాడి తెచ్చుకోవాలె. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల విషానికి మందు ఉండాలె, దాన్ని ఎక్కించే డాక్టరు రాత్రిపూట కూడా ఉండాలె. చేన్ల పనికి పిలిచినోడు బూట్లు, టార్చిలైటు ఇయ్యాలె. వాడల లైట్లు ఎలగాలె. పాసుబుక్కు లేని కూలికీ, కౌలుదారుకూ బీమా ఉండాలె. నమోదు చేసే కాగితంల కులం ఏంది, భూమి ఉన్నదా, నేల మీద పండుకున్నడా అని రాయాలె. మీరు మా వాడలకు సర్వేకు వచ్చినప్పుడు, మెడల తాయెత్తు ఉన్నదా అని చూసేముందు కాళ్లకు చెప్పులున్నయా చూడండి.