తోడికోడలు ఆస్పత్రిలో ఉన్న రోజు



ఈ పుటలో సినిమా సంగతి ఏమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. ఈ నెల నేను వ్రాయబోయే సినిమా మొదటి నుండి చివరి వరకు ఒక ఇంటి సంగతే గనుక వ్రాస్తున్నాను. దాని పేరు "జూన్‌బగ్". 2005లో అమెరికాలో వచ్చింది. జూన్‌బగ్ అంటే అక్కడ వేసవి తొలినాళ్ళలో దీపాల చుట్టూ ముసిరే ఒక రకం పెంకుపురుగు. పెద్ద కంపెనీలు తీసిన చిత్రం కాదిది. సుమారు పది లక్షల డాలర్లతో ముగించారు, హాలీవుడ్ లెక్కలో అది చిల్లర డబ్బు. దర్శకుడు ఫిల్ మారిసన్, కథ వ్రాసిన యాంగస్ మెక్‌లాక్లన్, ఇద్దరూ ఉత్తర కరోలినా రాష్ట్రంలోని విన్‌స్టన్-సేలం ఊరివారే. కథ జరిగేదీ, సినిమా తీసిందీ ఆ చుట్టుపక్కలే.

ముందుగా ఒక మాట. ఇది పిల్లలను కూర్చోబెట్టుకొని చూసే సినిమా కాదు. కొన్ని దృశ్యాలు, కొన్ని మాటలు, కొన్ని బొమ్మలు మన ఇళ్ళలో చూపించదగినవి కావు.

అమెరికా సినిమాల్లో దక్షిణ రాష్ట్రాల పల్లెవాసులకు ఎప్పుడో ఒక అచ్చు పోసిపెట్టారు. వాళ్ళ యాస చూసి నవ్వాలి, వాళ్ళ చాదస్తం చూసి నవ్వాలి, వాళ్ళ చర్చిని చూసి మరీ నవ్వాలి. ఈ సినిమాలోనూ నవ్వు ఉంది. అయితే చూస్తూ చూస్తూ ఉండగా, ఎవరిని చూసి నవ్వుతున్నామో మనకే అనుమానం వస్తుంది.

జార్జ్ ఇంటికి పెద్దకొడుకు. ఊరు వదిలి షికాగో మహానగరం చేరాడు. అక్కడ చిత్రకళ వ్యాపారం చేసే మడెలీన్‌తో పరిచయమైంది, కొద్ది రోజులకే పెండ్లి కూడా అయిపోయింది. ఆరు నెలలు గడిచినా కోడలు అత్తగారి ముఖం చూడలేదు. చివరికి ఆ ఊరికి వచ్చింది కూడా అత్తమామల కోసం కాదు. ఆ దగ్గరలో డేవిడ్ వార్క్ అనే ఒక వింత ముసలి చిత్రకారుడు ఉన్నాడు. అతని బొమ్మలు అమ్మే హక్కు మరొకరు తన్నుకుపోకముందే ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి. ఎలాగూ దారిలోనే ఉంది గదా అని ఇంటికి వచ్చారు. దారిలో ఉంది గదా అని వచ్చే చుట్టరికం ఎలాంటిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇల్లు చూద్దాం. అత్తగారు పెగ్ నోటికి దురుసు, కొత్త కోడలిని తేరిపార చూస్తుంది గాని దగ్గరకు రానివ్వదు. మామగారు యూజీన్ మాటలు పొదుపుగా వాడే మనిషి. నేలమాళిగలో చెక్కపని చేసుకుంటూ ఉంటాడు. చిన్నకొడుకు జానీ ఒక గిడ్డంగిలో పని చేస్తూ, వదిలేసిన చదువుకు పరీక్ష కట్టాడు. అన్న అంటే కడుపులో మంట. అతని భార్య ఆష్లీ నిండు చూలాలు, నోరు మూతపడని పిల్ల. షికాగో నుండి తోడికోడలు వస్తోందంటే రాజకుమారి వస్తున్నంత సంబరం. ఎన్ని ప్రశ్నలు, ఎంత ఆశ్చర్యం! ఈ వేషం వేసిన ఏమీ ఆడమ్స్‌కు ఆస్కార్ బహుమతికి నామినేషన్ మొదటిసారి వచ్చింది దీనితోనే.

జానీని గూర్చి ఒక చిన్న దృశ్యం ఉంది. ఆష్లీకి మీర్‌క్యాట్లంటే ప్రాణం. అవి మన ముంగిస జాతి జంతువులు. ఒక రాత్రి టీవీలో వాటి కార్యక్రమం వస్తుంది. భార్యకు ఇష్టమని దానిని టేపు మీదికి ఎక్కించాలని జానీ హడావుడి పడతాడు. కుదరదు. తీరా ఆష్లీ వచ్చేసరికి ఆమె మీదనే విసుక్కుంటాడు. ప్రేమ ఉంది, చూపడం చేతకాదు, ఆ చేతకానితనం కోపమై బయటికి వస్తుంది. ఇలాంటి భర్తలను నేను మన సంఘాల్లో ఎందరినో ఎరుగుదును. ఇదే జానీ, వదిన చదువు చెప్పబోతే ఆ మంచితనాన్ని మరోలా అనుకొని తప్పుగా ప్రవర్తిస్తాడు కూడా. అది సమర్థించదగినది కాదు.

ఇక చర్చి విందు. అక్కడి పాస్టరుగారు కొత్త కోడలి కోసం అందరి ఎదుట ప్రార్థన చేస్తారు. ఆమెకు ఎటు చూడాలో తెలియదు. (అడగకుండానే కొత్తవారి కోసం పేరు పెట్టి ప్రార్థించడం మా సేవకులకు అన్ని దేశాల్లోనూ అలవాటే కాబోలు.) తరువాత జార్జ్‌ను పాడమంటారు. 1880లో విల్ థామ్సన్ వ్రాసిన "సాఫ్ట్లీ అండ్ టెండర్లీ" అనే పాత కీర్తన ఎత్తుకుంటాడు. యేసు పాపిని ఇంటికి రమ్మని పిలిచే పాట అది. దర్శకుడు ఇక్కడ వెక్కిరించలేదు, పొగడనూ లేదు. పాటను పాటగా వినిపించి మడెలీన్ ముఖం చూపించాడు. ఆరు నెలలు కాపురం చేసిన మనిషిలో ఇలాంటి మనిషి ఒకడు ఉన్నాడని ఆమెకు ఆ క్షణం వరకు తెలియదు. పెండ్లికి ముందు ఉద్యోగం, జీతం విచారించుకునే యౌవనులు ఈ దృశ్యం దగ్గర కొంచెం ఆగాలని నా కోరిక.

మరొక చోట మామగారు, అత్తగారి కటువుతనం గురించి కోడలికి ఒక మాట చెబుతాడు. ఆమె లోపల అలాంటిది కాదట, చాలామందిలాగే తనను తాను దాచుకుంటుందట. సినిమా మొత్తంలో ఆయన మాట్లాడేది కొద్దిపాటి. అందులో ఇదొక్కటి చాలు.

ఆష్లీకి నొప్పులు మొదలవుతాయి. అదే సమయానికి చిత్రకారుడు చేజారిపోయేటట్టున్నాడు. కుటుంబంతో ఉండాలని జార్జ్ అంటాడు. మడెలీన్ సంతకం కోసం వెళ్తుంది. బిడ్డ చనిపోయి పుడుతుంది. మంచం పక్కన కూర్చున్నది భర్త కాదు, తోడికోడలు కాదు, బావగారు జార్జ్. అంతవరకు ఇంటికి వచ్చి కూడా ఎక్కడున్నాడో తెలియకుండా తిరిగిన మనిషి! గలగలా మాట్లాడే ఆ పిల్ల ఏడుస్తూనే మాట్లాడుతుంది, మధ్యలో నవ్వబోతుంది. అతడు సలహా చెప్పడానికి తొందరపడడు. మన పల్లెల్లో ఇలాంటి తల్లి దగ్గరికి వెళ్ళినవారు "పోనీలేమ్మా, మళ్ళీ పుడతారులే" అనేసి లేచి వస్తారు. ఆ మాట మంచి మనసుతోనే అంటారు గాని, పోయిన బిడ్డను లెక్కలోంచి కొట్టివేసే మాట అది.

మడెలీన్‌ను దర్శకుడు దుర్మార్గురాలిగా చూపలేదు. వార్త తెలిసి ఆమె కుమిలిపోతుంది. నిజానికి ఆ ఇంట్లో ఆష్లీతో ఓపికగా కూర్చున్నదీ, జానీకి పుస్తకం చదివి చెప్పబోయినదీ ఆమెయే. ఒక్క రోజు లేదు. అవసరమైనది ఆ ఒక్క రోజే.

చివరకు జార్జ్, మడెలీన్ కారులో తిరుగు ప్రయాణమవుతారు. ఊరు దాటాక, అక్కడినుండి బయటపడ్డందుకు ఎంత హాయిగా ఉందో అని జార్జ్ ఒక మోటు మాట కలిపి అంటాడు. కీర్తన పాడినవాడూ, ఆస్పత్రిలో కూర్చున్నవాడూ ఇతడే. ఆ మాట విని కొందరికి సినిమా మీదే కోపం వస్తుంది. నాకు రాలేదు. పండుగకు వచ్చి వెళ్ళిన కొడుకులు బస్సు ఎక్కాక ఏమనుకుంటారో మన తలిదండ్రులకు తెలియనిదా? తెలిసీ మళ్ళీ క్రిస్మస్‌కు ఎప్పుడు బయలుదేరుతున్నారని అడుగుతూనే ఉంటారు.