స్కాన్ రిపోర్టులో ‘లివర్ 16 సెం.మీ.’ అని ఉంటే జబ్బేనా?

కడుపు స్కానింగ్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది ముందు చూసేది అంకెల్నే. ‘లివర్ 16.2 సెం.మీ., హెపటోమెగలీ’ అంటే కాలేయం పెరిగిందని అర్థం. ఆ ఒక్క లైనుతో గూగుల్‌లో వెతుకులాట, మరో సెంటర్‌లో ఇంకో స్కాన్ మొదలవుతాయి. సర్కారు దవాఖానాల్లో అల్ట్రాసౌండ్ ఉచితంగానే దొరుకుతోంది. అందులోని అంకెకు అర్థం చెప్పే సమయమే దొరకడం లేదు.

ఎలా కొలుస్తారు?

లివర్‌ను సాధారణంగా కుడి కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన ఊహారేఖ వెంట, పై అంచు నుంచి కింది అంచు దాకా కొలుస్తారు. ప్లీహం, కిడ్నీలను ఈ కొస నుంచి ఆ కొసకు కొలుస్తారు. పెద్దవారిలో లివర్ 15-16 సెం.మీ. లోపు, ప్లీహం 12 లోపు, కిడ్నీ 9-12 మధ్య ఉంటే నార్మల్ అనడం వాడుక.

ఈ హద్దులు ఎక్కడివి?

ఎక్కువ మందిని స్కాన్ చేసి తేల్చినవే. డెన్మార్క్‌లో 665 మందిని కొలిచిన 1993 నాటి అధ్యయనంలో ఎడమ కిడ్నీ పొడవు 11.2, కుడిది 10.9 సెం.మీ. దగ్గర తేలింది. జర్మనీలో 2,080 మందిపై 2003లో వచ్చిన అధ్యయనంలో లివర్ సగటు 14 సెం.మీ. అయినా పది మందిలో ఒకరికి 16 దాటింది. అంటే హద్దు దాటిన ప్రతి లివరూ జబ్బు లివర్ కాదు.

అందరికీ ఒకే కొలతా?

కాదు. ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి అవయవాల సైజు మారుతుంది. ఆరడుగుల యువకుడికి 12.5 సెం.మీ. ప్లీహం మామూలే కావచ్చు. అయిదడుగులు కూడా లేని మహిళకు అదే అంకె ఆరా తీయాల్సిన సంగతి. పొడగరులైన యూరప్ వాసుల కొలతలను మనకు యథాతథంగా వాడితే పొట్టివారిలో నిజమైన వాపు దాటిపోయే ప్రమాదమూ ఉంది. ఊపిరి ఎంత బిగబట్టారు, ప్రోబ్ ఏ కోణంలో పెట్టారు అన్నదాన్ని బట్టీ అంకె మారుతుంది. రెండు స్కాన్‌ల మధ్య అర సెంటీమీటరు తేడా వస్తే అవయవం పెరిగిందని అనుకోనక్కర్లేదు.

మీరేం చేయాలి?

పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ఆభా ఖాతాలో దాచుకోవచ్చు కూడా. సైజుతో పాటు లివర్ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ ఎలా ఉన్నాయో డాక్టర్‌ను అడగండి. కామెర్లు, తగ్గని జ్వరం, కాళ్ల వాపు, రక్తపు వాంతులు ఉంటే మాత్రం అంకె నార్మల్‌గా ఉన్నా ఆగొద్దు.

ఆసుపత్రులు చేయాల్సిందీ ఒకటుంది. రిపోర్టులో రోగి ఎత్తు, బరువు, కొలిచిన పద్ధతి రాయడం. దానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, ఒక్క లైను చాలు.