గెడ్డను కింది నుంచి తవ్వండి

పొందూరు మండల రైతులకు, కూలీలకు, నేతగాళ్లకు, పంచాయతీ పెద్దలకు మనవి.

నాగావళికి తోటపల్లిలో బ్యారేజీ ఉంది, నారాయణపురంలో ఆనకట్ట ఉంది, చూసుకోడానికి ఇంజినీర్లున్నారు. మన గెడ్డలకు ఎవరున్నారు? మెట్ట మీద పడ్డ వాన చెరువులోకి దిగాలి. చెరువు నిండితే అలుగు దాటి కింద ఊరి చెరువుకు, అక్కడినుంచి గెడ్డకు, గెడ్డలోంచి నదికి పోవాలి. ఆ దారి ఏ ఊళ్లో పూడినా పైవాళ్ల చేను మునుగుతుంది, కిందవాళ్ల చెరువు ఎండుతుంది.

ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 4 లక్షల లీటర్లు. వెయ్యి ఎకరాల మెట్టకు 40 కోట్లు. సగం నేలే తాగేసినా మిగతా 20 కోట్లు ఎటో ఒకవైపు పోవాలి కదా! 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే, వరి చేలో ఉండగానే వచ్చాయి.

పూడిక తీయడం లేదని మేమనడం లేదు. ఏటా వేసవిలో ఉపాధి పనుల్లో తీస్తూనే ఉన్నాం. కానీ ఎవరి పంచాయతీ ముక్క వాళ్లదే, అదీ రోడ్డు పక్కన కొలతకు వీలైన చోటే. తీసిన మట్టిని గట్టు మీదే పోస్తాం, తొలకరికి అది మళ్లీ గెడ్డలోకే జారుతుంది. పైభాగం తవ్వి కిందిభాగం వదిలేస్తే నీరు మరింత వేగంగా వచ్చి కింద ఊరి మీద పడుతుంది. ఇది డబ్బు పెట్టి ముంపు కొనుక్కోవడమే.

మేమడిగేది ఒక్కటే. గెడ్డ పారే ఊళ్లన్నీ కలిసి ఒకే కొలత, ఒకే పని పెట్టుకోవాలి. సర్వేయరు ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పట్టుకుని నది దగ్గర మొదలుపెట్టి మెట్ట దాకా నడవాలి, రెండు వైపులా హద్దురాళ్లు పాతాలి. తవ్వకం కూడా అదే వరసలో సాగాలి. మట్టి పొలాలకు తోలాలి. రోడ్డు కల్వర్టులు, హౌరా–చెన్నై రైలు కట్ట కింద ఖానాలు సరిపోతున్నాయో లేదో చూసి రాయించాలి. పైన మెట్టల్లో వాలుకు అడ్డంగా గట్లు వేయాలి, లేకపోతే తీసిన పూడిక రెండేళ్లలో తిరిగొస్తుంది.

నేతగాళ్లకు దీంతో పనేమిటంటారా? మన ఖద్దరుకు పేరు తెచ్చిన కొండపత్తి మెట్ట పంట. పైమట్టి కొట్టుకుపోయిన చేలో అది కాయదు. పత్తి ఏకడానికి వాడే వాలుగ చేప దవడను గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటున్నాం. వాలుగ మంచినీటి చేపే మరి, మన చెరువుల్లో నీళ్లు నిలిస్తే ఇక్కడా బతకదా?

చట్టం మనవైపే ఉంది. జమీందారీలను రద్దుచేసిన 1948 చట్టం ఎస్టేట్లలోని చెరువులను, పోరంబోకులను ప్రభుత్వపరం చేసింది. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్ పనులు పంచాయతీలకు అప్పగించదగ్గవని రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోనే ఉంది.

గెడ్డ పోరంబోకులో నాలుగు సెంట్లు కలుపుకున్న చిన్న రైతుకు కోతలయ్యేదాకా గడువివ్వాలి. గెడ్డను పూడ్చి ప్లాట్లు వేసినవాళ్లకు గడువెందుకు?

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి. పై ఊరివాళ్లనూ కింద ఊరివాళ్లనూ పిలవండి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా లేవకండి.

ఇట్లు
గెడ్డ పొడుగునా ఉన్న ఊళ్ల రైతులు