తని మొదలవగానే లేచి వెళ్లకండి

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలోని తెలుగువాళ్లకూ, తెలుగు రాకపోయినా తెలుగు కీర్తనలు వింటూ పెరిగిన ఇరుగుపొరుగులకూ ఈ కబురు.

వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి మా అపార్టుమెంటు కింది హాల్లో నెలకో కచేరీ పెట్టుకుంటున్నాం. సాయంత్రం ఐదున్నరకు మొదలు, ఏడున్నరకల్లా మంగళం. సోమవారం పొద్దున మీటింగు ఎవరికీ తప్పదు కదా! జంపఖానాలు పరుస్తాం, పెద్దవాళ్లకు గోడ వారగా కుర్చీలు వేస్తాం. మైకు ఉండదు. యాభై అరవై మంది పట్టే గదికి మైకు దేనికి?

వచ్చే నలుగురినీ ముందే పరిచయం చేద్దామని ఈ విజ్ఞప్తి. పేర్లు ఆరోజు గుమ్మం దగ్గర కాగితం మీద ఉంటాయి, నలుగురివీ ఒకే సైజు అక్షరాల్లో. ఎవరెక్కడ కూర్చుని ఏం చేస్తారో మాత్రం ఇప్పుడే చెబుతాను.

మధ్యలో పాడేవారు. ఈ ఊళ్లో కచేరీలు చేసేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కన్నడమో తమిళమో. వేదికెక్కితే నోట వచ్చేది ఎక్కువగా తెలుగే. 'బ్రోచేవారెవరురా' త్యాగరాజస్వామిదని నేను చాలా ఏళ్లు నమ్మాను. 'శంకరాభరణం' చూసి పెరిగిన మావాళ్లందరిదీ అదే నమ్మకం. తీరా చూస్తే అది మైసూరు వాసుదేవాచార్యులది. కన్నడసీమలో పుట్టి మైసూరు ఆస్థానంలో విద్వాంసుడిగా ఉండి, తెలుగులోనూ సంస్కృతంలోనూ కృతులు కట్టినాయన. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి సొంత డబ్బుతో గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ పుట్టింది 1878లో, మైసూరు దగ్గర్లోని నంజనగూడులో. కాబట్టి మనది కాని చోట మన పాట వింటున్నామని ఎవరూ అనుకోనక్కర్లేదు. పాడేవారికి మీరు చేయగల సాయం ఒకటుంది. కచేరీ అయ్యాక దగ్గరికెళ్లి, ఏ మాట ఎక్కడ విరిగి అర్థం మారిందో మెల్లగా చెప్పండి. నొచ్చుకోరు. అలా అడిగి తెలుసుకుని పుస్తకంలో రాసుకునేవాళ్లను చూశాను.

పక్కన వయొలిన్. ఈ వాద్యానికి బెంగళూరుతో ఉన్న చుట్టరికం చెప్పకుండా ఉండలేను. విజయనగరం సంగీత కళాశాల పేరు చెప్పగానే గుర్తొచ్చే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో పుట్టింది బెంగళూరులోనే. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ద్వారంవారి వాద్యం విన్నది ఏ పెద్ద సభలోనో కాదు, జస్టిస్ పి.వి. రాజమన్నార్‌గారి ఇంట్లో. ఆ తరంలోనే మైసూరు చౌడయ్యగారిది ఇంకో దారి. మైకులు లేని రోజుల్లో వెనక వరసల దాకా నాదం వినబడాలని నాలుగు తీగెల వయొలిన్‌ను ఏడు తీగెలది చేసుకున్నారు. ఆయన పేరు మీద వయొలిన్ ఆకారంలోనే కట్టిన చౌడయ్య మెమోరియల్ హాలు మీలో చాలామంది చూసే ఉంటారు. మా హాల్లో ఏడు తీగెల అవసరం రాదు. కమాను తీగె మీద ఆనగానే వినబడే చిన్న ఒరిపిడి కూడా మూడో వరస దాకా తెలుస్తుంది. పాడేవారు వదిలిన సంగతిని వయొలిన్ ఎలా అందుకుంటుందో ఆ దూరం నుంచి చూస్తేనే బాగుంటుంది.

మృదంగం రెండోవైపు. వచ్చీరాగానే ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి, అది చూడాల్సిన పని.

ఇక ఘటం. తమిళనాడులోని మానామదురైలో చేసే ఘటం బరువైనది, దళసరిది, వేళ్లకు పని పెడుతుంది. ఆడపిల్ల చేతులకు అది పనికిరాదన్న మాట విని కూడా మద్రాసులో పట్టుబట్టి నేర్చుకున్న సుకన్యా రామ్‌గోపాల్‌గారు మన బెంగళూరులోనే ఉంటారు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆవిడ తొలినాళ్లలో, ఆడమనిషి ఘటం వాయిస్తే పక్కన కూర్చుని వాయించబోమన్న మృదంగ విద్వాంసులు ఉన్నారు. అయినా ఆరేడు ఘటాలను వేర్వేరు శ్రుతుల్లో పేర్చి ఘటతరంగం వాయించారు. ఈ ఊళ్లో ఘటం పట్టిన ఆడపిల్లను చూసి ఇవాళ ఎవరూ ఆశ్చర్యపోరంటే ఆవిడ చలవే.

తంబూరా సంగతి అడుగుతారేమో. దాన్ని వాయించే మనిషి ఉండరు, పెట్టె ఉంటుంది. ఎలక్ట్రానిక్ తంబూరాను 1979లో తయారుచేసిన జి. రాజ్ నారాయణ్ బెంగళూరు ఇంజినీరే, వేణువు కూడా వాయిస్తారు. ఎలక్ట్రానిక్ సిటీలో ఆ పెట్టె మోగడానికి అభ్యంతరం ఎవరికి!

ఇప్పుడు అసలు మనవి. కచేరీ మధ్యలో ప్రధాన కీర్తన అయ్యాక పాడేవారు తాళం వేస్తూ ఊరుకుంటారు. మృదంగం, ఘటం వంతులవారీగా వాయించుకుని చివరికి కలిసి ముగిస్తాయి. అది తని ఆవర్తనం. సరిగ్గా అప్పుడే సభల్లో జనం కాఫీకి లేస్తారు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు ఆ సాయంత్రం తమదంటూ దొరికేది ఆ పది పదిహేను నిమిషాలే. వాళ్ల కళ్లముందే కుర్చీలు ఖాళీ అవుతాయి. నేనూ లేచినవాణ్ణే. ఒకసారి క్యాంటీన్ నుంచి తిరిగొస్తుంటే, మృదంగం వాయిస్తున్నాయన నావైపు చూసిన చూపుకి మళ్లీ లేవలేదు. మా హాల్లో కాఫీ కచేరీ అయ్యాకే ఇస్తాం. ముందు అడిగినా ఇవ్వం.

టికెట్టు లేదు. గుమ్మం దగ్గర డబ్బా ఉంటుంది, తోచింది వేయండి. వచ్చినదాన్ని నలుగురికీ సమంగా పంచుతాం. పక్కవాద్యాలకు తక్కువిచ్చే ఆనవాయితీ మనదాకా ఎందుకు రావాలి?

ఇంకో రెండు చిన్న పనులున్నాయి. 2025 ఆగస్టులో ఎల్లో లైను మెట్రో మొదలయ్యాక కళాకారులను ఇటువైపు రమ్మనడానికి కాస్త ధైర్యం వచ్చింది. అంతకుముందు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ పేరు వింటేనే డేటు కుదరదనేవారు. స్టేషన్ నుంచి హాలు దాకా మృదంగం, ఘటం తీసుకురావడానికి ఎవరైనా కారు ఇస్తే మేలు. రెండోది గేటు దగ్గర. మన అపార్టుమెంటు గేటు యాప్‌లో డెలివరీ, క్యాబ్, గెస్ట్ అని మూడే గళ్లున్నాయి. భుజాన పెద్ద సంచి చూసి సెక్యూరిటీ కుర్రాడు మొదటి గడి నొక్కేస్తాడు. సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర నిలబడి, గెస్ట్ అని రాయించి లోపలికి తీసుకొచ్చే మనిషి ఒకరు కావాలి.