ఇళ్లు లేవా, మనకే లేవా?

"ఖైరతాబాద్‌లో అమ్మకానికి ఇళ్లెక్కడున్నాయమ్మా?" ఇల్లు కొనాలనుకునే స్త్రీకి బ్రోకర్లు చెప్పే మాట ఇది. ఒకవైపు హుస్సేన్‌సాగర్, నడుమ రైలు పట్టాలు. జాగా తక్కువన్నది నిజమే. కానీ ఈ కొరత అందరికీ ఒకటేనా?

పాత ఇల్లు అమ్మకానికొస్తే బోర్డు పెట్టరు. కబురు బ్రోకర్ల నోట, మగవాళ్ల మధ్యే తిరుగుతుంది. అది మనదాకా వచ్చి, బ్యాంకు అప్పు మంజూరయ్యేసరికి మరొకరు బయానా ఇచ్చేసి ఉంటారు. ఒంటరి స్త్రీ అయితే, "ఇంట్లో మగవాళ్లను పంపండి" అంటారు.

అసలు అన్యాయం అంతకుముందే జరిగింది. 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్, మగ వారసులు పంచుకుంటే తప్ప, కుటుంబం ఉంటున్న ఇంట్లో కూతురు వాటా పంచమని అడగరాదంది. 1985లో ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చినా, అప్పటికే పెళ్లయినవారిని వదిలేసింది. 2005లో పార్లమెంటు ఆ సెక్షన్‌ను రద్దు చేసి, పెళ్లయిన కూతుళ్లకూ హక్కునిచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం మారింది. ఇళ్లలో ఏం మారింది? తండ్రి ఇల్లు అమ్మేటప్పుడు అక్కచెల్లెళ్లు గుర్తొచ్చేది హక్కు విడుదల పత్రం మీద సంతకానికే. "పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా" అంటారు. వాటా అడిగితే పుట్టింటి తలుపు మూస్తారు. అలా వాటా వదులుకున్న స్త్రీయే బయానాకు డబ్బు లేక ఇల్లు వెతుక్కుంటోంది!

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమెకు వాటా విలువ చెప్పి, అన్నదమ్ములు లేకుండా విడిగా అడిగాకే సంతకం తీసుకోవాలి. ఇది మన సంఘాల డిమాండు కావాలి. ప్రేమ పేరిట అడిగే సంతకానికైనా సరే, ముందు లెక్క అడుగుదాం.